క్యాంటన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్: రన్నింగ్ బ్యాక్‌ల కోసం వెళ్ళేవాళ్ళకి

మిషిగన్‌లోనో ఒహాయోలోనో ఉంటూ, ఇంట్లో పిల్లలకి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంటే, వాళ్ళని ఒకసారి ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకెళ్ళండి. ఆ ఆటలో గొప్పవాళ్ళని ఎంచి గౌరవించే మ్యూజియం ఇది, ఒహాయోలోని క్యాంటన్‌లో ఉంది. మిషిగన్‌లోని మా నోవై నుంచి మూడున్నర గంటల డ్రైవ్. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. రోజంతా మోకాళ్ళు, తుంటి కీళ్ళు, నడుములతోనే నా పని. ఆట మీద ఇష్టం మా అబ్బాయి వల్ల పట్టుకుంది కానీ, రన్నింగ్ బ్యాక్‌ల మీద ఇష్టం మాత్రం నా వృత్తి వల్ల వచ్చిందే. అందుకని ఈ రివ్యూలో బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల గురించి పెద్దగా ఉండదు. డెట్రాయిట్ లయన్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ బ్యారీ శాండర్స్ గురించి ఎక్కువ ఉంటుంది.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకి జరగాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. బంతిని విసిరి అందుకోవడం ఒక దారి, చంకలో పెట్టుకుని పరిగెత్తడం ఇంకో దారి. ఆ పరిగెత్తే పని ముఖ్యంగా రన్నింగ్ బ్యాక్‌ది. మ్యాచ్‌కి పదిహేను, ఇరవై సార్లు బంతి అతని చేతికొస్తుంది. వచ్చిన ప్రతిసారీ నూరు, నూట ముప్పై కిలోల మనుషులు మీద పడతారు. లేచి, మట్టి దులుపుకుని మళ్ళీ నిలబడాలి. అందుకే ఈ ఆటలో తొందరగా ముగిసిపోయే కెరీర్లలో రన్నింగ్ బ్యాక్‌ది ఒకటి. సగటు తీస్తే మూడేళ్ళు కూడా రాదు.

హాల్ ఐ-77 హైవే పక్కనే ఉంటుంది. నిలబెట్టిన ఫుట్‌బాల్‌లా పైకి లేచిన గుమ్మటం దూరం నుంచే కనిపిస్తుంది. 1963 సెప్టెంబర్ 7న తెరిచారు. న్యూయార్క్, షికాగో అన్నీ ఉండగా ఇంత చిన్న ఊళ్ళో ఎందుకు కట్టారమ్మా అని మావయ్య గారు కారు దిగుతూనే అడిగారు. 1920లో ఈ ఊళ్ళోనే, రాల్ఫ్ హే అనే ఆయన కార్ల షోరూమ్‌లో, కొన్ని జట్లవాళ్ళు కూర్చుని ఒక లీగ్ పెట్టుకున్నారు. ఇప్పుడు మనం ఎన్‌ఎఫ్‌ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) అంటున్నది అదే. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీదే కూర్చున్నారట.

లోపలికి వెళ్ళగానే జిమ్ థోర్ప్ కంచు విగ్రహం. ఈయన క్యాంటన్ బుల్‌డాగ్స్ జట్టులో హాఫ్‌బ్యాక్, అంటే ఇప్పటి రన్నింగ్ బ్యాక్‌లకి తాతయ్య లాంటివాడు. సాక్ అండ్ ఫాక్స్ తెగకి చెందిన మూలవాసి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండిట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. అంతకుముందు చిన్న బేస్‌బాల్ జట్ల దగ్గర కాస్త డబ్బు తీసుకుని ఆడాడని చెప్పి ఆ పతకాలు వెనక్కి తీసేసుకున్నారు. ఆ రెండు పోటీల్లోనూ ఏకైక విజేత అతనేనని ఒలింపిక్ కమిటీ పూర్తిగా ఒప్పుకున్నది 2022లో. అప్పటికి ఆయన పోయి డెబ్బై ఏళ్ళు కావస్తోంది. ఇది మావాడు చదివి వినిపిస్తుంటే మావయ్య గారి మొహం ఎర్రబడింది. బాపట్ల దగ్గర ఊళ్ళలో కబడ్డీ పందేలు ఆడిన మనిషి ఆయన. "గెలిచినవాడికి వంద రూపాయలిస్తే అదేమన్నా తప్పా? ఇంటికి బియ్యం కొనుక్కోవద్దా?" అన్నారు. పక్కన ఎవరికీ తెలుగు రాకపోయినా కోపం మాత్రం అందరికీ అర్థమైంది.

కింద గదుల్లో పాత హెల్మెట్లు, జెర్సీలు, బంతులు, లీగ్ ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ గ్యాలరీ, సినిమా హాల్ లాంటివి ఉన్నాయి. బాగున్నాయి, పిల్లలు అక్కడ గంటలు గడిపేస్తారు. నేను మనసు పెట్టి చూసింది మాత్రం విగ్రహాల గ్యాలరీ.

పెద్ద హాలు. వెలుతురు తక్కువ. గోడల పొడుగునా వరసలు వరసలుగా కంచు తలలు, ఒక్కోదాని మీద చిన్న లైటు. కింద పేరు. అంతే. అరుచుకుంటూ వచ్చిన పిల్లలు కూడా ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ట్రాయ్ పొలమాలు అనే ఆటగాడి పొడుగాటి జుట్టుని కంచులో ఎలా పోశారో చూడ్డానికి మాత్రం అందరూ ఆగుతారు. మావాడూ ఆగాడు. 1983 నుంచి వీటిలో చాలా వాటిని చేసిన శిల్పి బ్లెయిర్ బస్వెల్. ఆయన కూడా కాలేజీలో రన్నింగ్ బ్యాకే. ఈ కంచు నలభై వేల ఏళ్ళు నిలుస్తుందని హాల్ వాళ్ళు చెప్పుకుంటారు.

విగ్రహాలు ఎవరు ఏ ఏడాది హాల్‌లోకి వచ్చారో ఆ వరసలో ఉంటాయి. స్థానాన్ని బట్టి కాదు. కాబట్టి రన్నింగ్ బ్యాక్‌లందరినీ ఒకచోట చూడలేం, వెతుక్కోవాలి. జిమ్ బ్రౌన్ 1971, గేల్ సేయర్స్ 1977, ఎర్ల్ క్యాంప్‌బెల్ 1991, వాల్టర్ పేటన్ 1993, బ్యారీ శాండర్స్ 2004, ఎమిట్ స్మిత్ 2010, టెరెల్ డేవిస్ 2017. ఈ ఏళ్ళు రాసుకుని వెళ్తే పని తేలికవుతుంది.

బ్యారీ విగ్రహం ముందు నిలబడ్డప్పుడు నాకు ఒక వెలితి అనిపించింది. పనితనం గొప్పగా ఉంది, మొహంలో ఆ మెత్తదనం కూడా వచ్చింది. కానీ తలా భుజాలే. క్వార్టర్‌బ్యాక్‌కి ఇది సరిపోతుంది, అతని ఆటంతా చూపులో, లెక్కలో, చేతిలో ఉంటుంది. రన్నింగ్ బ్యాక్ ఏం చేశాడో అదంతా నడుము కింద జరిగింది. తుంటి, తొడలు, మోకాళ్ళు, చీలమండలు. కెరీర్ నిలబెట్టినవీ అవే, ముగించేసినవీ అవే. గ్యాలరీలో ఉన్న ఏ రన్నింగ్ బ్యాక్ దగ్గరైనా నాకు ఇదే అనిపించింది: అతన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చిన కాళ్ళు మాత్రం ఇక్కడ లేవు.

అందుకని నా సలహా, గ్యాలరీలో పెట్టిన టచ్‌స్క్రీన్ల దగ్గర తీరిగ్గా కూర్చోండి. పేరు నొక్కితే ఆ ఆటగాడి ఆట వస్తుంది. విగ్రహం, వీడియో రెండూ కలిపి చూస్తేనే మనిషి పూర్తవుతాడు. అది చాలక మావాడు ఫోన్‌లో 1992 జనవరి 5 నాటి మ్యాచ్ తీశాడు. డెట్రాయిట్ లయన్స్, డాలస్ కౌబాయ్స్. నాలుగో క్వార్టర్‌లో బ్యారీ బంతి తీసుకుని మధ్యలోంచి వెళ్తాడు. కౌబాయ్స్ వాళ్ళు చుట్టుముడతారు. అయిపోయింది, పడిపోయాడు అనుకుంటాం. ఆ గుంపులోంచి ఒక్కసారి జారి బయటపడి, 47 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేస్తాడు, అంటే బంతితో అవతలి చివరి గీత దాటేస్తాడు.

మావయ్య గారు దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు. ఆట రూల్సు ఆయనకి రావు, ఆ పరుగు మాత్రం చటుక్కున పట్టేశారు. "అమ్మాయ్, వీడు ఎదుటివాడి మొహం చూట్టంలేదు. కాళ్ళు చూస్తున్నాడు. వాడి పాదం ఎటు తిరిగితే దానికి అవతలి వైపు పోతున్నాడు. కూతకి వెళ్ళినప్పుడు మేమూ అంతే చేసేవాళ్ళం. పాదం పడ్డాక మనిషి దిశ మార్చుకోలేడు, ఆ క్షణం మనది."

నేను ఎన్నో ఏళ్ళు చదివి నేర్చుకున్న విషయాన్ని ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశారు. బ్యారీ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు 203 పౌండ్లు. పొట్టి కాళ్ళు, లావు తొడలు. దిశ మార్చేటప్పుడు అతని పాదం ఎక్కడ పడుతుందో చూడండి, మోకాలు ఎప్పుడూ వంగే ఉంటుంది, తుంటి కిందికి దిగుతుంది, ఒళ్ళు మాత్రం పక్కకి వాలదు. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగి మా క్లినిక్‌కి వచ్చే పిల్లల్లో చాలామందికి ఎవరూ తగలకుండానే తెగుతుంది. కాలు దాదాపు నిటారుగా నేలకి తన్ని, మోకాలు లోపలికి ఒరిగి, ఒళ్ళు ఇంకో వైపు తిరిగినప్పుడు జరుగుతుంది. బ్యారీ సరిగ్గా అలాంటి మలుపులే పదేళ్ళు తిరిగాడు, అదీ సొంత మైదానం పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో, గట్టి కృత్రిమ పచ్చిక మీద. 1993లో మోకాలు దెబ్బతిని ఐదు మ్యాచ్‌లు పోయాయి. అయినా ఆ ఏడాది కూడా బంతితో పరిగెత్తి మొత్తం 1,115 యార్డులు చేశాడు. పది సీజన్లలో అతని అతి తక్కువ లెక్క అదే.

అతని కథ క్యాన్సస్‌లోని విచిటాలో మొదలవుతుంది. నాన్న విలియం శాండర్స్ ఇళ్ళకి కప్పులు వేసే పని చేసేవాడు. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో చేరితే అక్కడ థర్మన్ థామస్ ఉన్నాడు, అతని వెనక ఆగాల్సి వచ్చింది. ఆ థర్మన్ థామస్ విగ్రహం కూడా ఇదే హాల్లో ఉంది. ఒకే కాలేజీ, ఒకే స్థానం, ఇద్దరూ ఇక్కడే! థామస్ వెళ్ళిపోయాక 1988లో బ్యారీ 11 మ్యాచ్‌ల్లో 2,628 యార్డులు, 37 టచ్‌డౌన్లు చేశాడు. కాలేజీ ఆటలో అతి పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ ప్రకటించిన రోజు అతను టోక్యోలో ఉన్నాడు, అక్కడ మ్యాచ్ ఉందని.

1989లో, కాలేజీ ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మూడో ఎంపికగా డెట్రాయిట్ లయన్స్ తీసుకున్నారు. మొదటి సీజన్ చివరి మ్యాచ్‌లో ఇంకో పది, పదకొండు యార్డులు చేస్తే లీగ్‌లో మొదటి స్థానం. కోచ్ వేన్ ఫాంటిస్ వెళ్తావా అని అడిగాడు. మ్యాచ్ ఎలాగూ గెలిచేశాం, వద్దన్నాడు బ్యారీ. 1,470 దగ్గర ఆగిపోయాడు. 1,480 చేసిన క్రిస్టియన్ ఒకోయేకి మొదటి స్థానం దక్కింది. టచ్‌డౌన్ చేశాక గంతులు వేయడం, డాన్సులు చేయడం అతనికి లేదు. బంతిని రెఫరీ చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు. మా స్కూల్ పిల్లల కోచ్‌లు ఇది మాత్రం నేర్పించాలి.

1997 గురించి ఇక్కడి పాత అభిమానుల్ని కదిపితే చాలు, చెబుతూనే ఉంటారు. మొదటి రెండు మ్యాచ్‌ల్లో కలిపి 53 యార్డులే. పని అయిపోయిందన్నారు. తర్వాత వరసగా 14 మ్యాచ్‌లు, ప్రతి దాంట్లో వందకి పైనే. థాంక్స్‌గివింగ్ రోజున షికాగో బేర్స్ మీద 167 యార్డులు, మూడు టచ్‌డౌన్లు. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ ఆ రోజు టీవీలో లయన్స్ మ్యాచ్ నడుస్తూనే ఉంటుంది, వంటింట్లో బిర్యానీ ఉడుకుతూ ఉంటుంది. సీజన్ చివరికి 2,053. ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్‌తో కలిసి పంచుకున్నాడు.

ఆ రెండు వేలు దాటిన రోజు, 1997 డిసెంబర్ 21న, అదే మైదానంలో అతని జట్టులో లైన్‌బ్యాకర్‌గా, అంటే అవతలివాళ్ళని అడ్డుకునే స్థానంలో ఆడే రెజీ బ్రౌన్ మెడకి దెబ్బ తగిలి కదలకుండా పడిపోయాడు. ఊపిరి ఆగిపోతే అక్కడే సీపీఆర్ చేసి బతికించారు. ఆపరేషన్ తర్వాత అతను నడవగలిగాడు. మళ్ళీ ఆడలేదు. బ్యారీ రికార్డు గురించి మాట్లాడేవాళ్ళు ఆ రోజుని ఈ వైపు నుంచి కూడా చూడాలని నా కోరిక. ఒకే సాయంత్రం, ఒకే పచ్చిక, పక్కపక్కనే ఇద్దరు.

1999 జూలైలో, శిక్షణ శిబిరం మొదలయ్యే వేళ, బ్యారీ తన సొంతూరి పత్రిక విచిటా ఈగిల్‌కి ఒక ఫ్యాక్స్ పంపాడు. ఇక ఆడనని. అప్పటికి వయసు 31. మొత్తం 15,269 యార్డులు. వాల్టర్ పేటన్ రికార్డు 16,726కి 1,457 దూరం. అతని లెక్కన ఇంకో సీజన్ చాలు. బోనస్‌గా తీసుకున్న పదకొండు మిలియన్ల డాలర్లలో కొంత జట్టుకి తిరిగి కట్టాల్సి వచ్చింది, కట్టాడు. ఎందుకు మానేశావంటే జట్టు ఓటముల గురించే చెప్పాడు. పదేళ్ళలో ఐదుసార్లు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ తర్వాత జరిగే నాకౌట్ మ్యాచ్‌లకి వెళ్ళి గెలిచింది ఒక్కటే, ఇందాక చెప్పిన ఆ డాలస్ మ్యాచ్. 1994 చివరి రోజున గ్రీన్ బేలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో 13 సార్లు బంతి పట్టుకుంటే మొత్తం లెక్క మైనస్ ఒక యార్డు. ముందు దారి తెరిచేవాళ్ళు లేకపోతే ఎంతటివాడైనా అంతే. అతని ముందు ఏళ్ళ తరబడి నిలబడి దారి తెరిచిన సెంటర్ (ముందు వరసలో మధ్య మనిషి) కెవిన్ గ్లోవర్ కూడా 1998లో సియాటిల్ వెళ్ళిపోయాడు.

మావాడికి ఇది అస్సలు మింగుడుపడదు. "ఒక్క ఏడాదమ్మా, ఒక్క ఏడాది ఆడుంటే అందరికంటే పైన ఉండేవాడు!" అని బ్యారీ విగ్రహం ముందే వాదన పెట్టుకున్నాడు. నేను వాణ్ణి టెరెల్ డేవిస్ దగ్గరికి తీసుకెళ్ళాను. 1998లో 2,008 యార్డులు చేసిన మనిషి. మరుసటి ఏడాది, అంటే బ్యారీ ఆడకుండా వదిలేసిన ఆ సీజన్‌లోనే, నాలుగో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. తర్వాత రెండు సీజన్లు అరకొరగా ఆడి ఆపేశాడు. అక్కణ్ణించి గేల్ సేయర్స్ దగ్గరికి. 68 మ్యాచ్‌లే ఆడాడు, రెండు మోకాళ్ళూ పోయాయి, 34 ఏళ్ళకే ఈ హాల్లోకి వచ్చాడు. ఇంత చిన్న వయసులో ఇంకెవరూ రాలేదు. ఎర్ల్ క్యాంప్‌బెల్ 1980లో 1,934 యార్డులు చేశాడు. ఎదురొచ్చినవాణ్ణి తప్పించుకోకుండా గుద్దుకుంటూ పోయేవాడు. ఆట మానేశాక వెన్నెముక జబ్బుతో నడవడానికే కష్టపడి చక్రాల కుర్చీ వాడాల్సి వచ్చింది. ఇవన్నీ వాణ్ణి భయపెట్టడానికి చెప్పలేదు, వాడు కూడా రన్నింగ్ బ్యాకే ఆడతానంటున్నాడు కాబట్టి చెప్పాను. బ్యారీ తన కాళ్ళతో తను నడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఒక ఫిజియోగా నాకు అంతకంటే అందమైన గణాంకం ఆ ఆటలో కనపడదు. జిమ్ బ్రౌన్ కూడా అంతే, తొమ్మిది సీజన్లలో ఒక్క మ్యాచ్ వదలకుండా ఆడి, 12,312 యార్డుల దగ్గర, ముప్పై ఏళ్ళకి చాలన్నాడు. బ్యారీ వాళ్ళ నాన్న దృష్టిలో అందరికంటే గొప్ప రన్నింగ్ బ్యాక్ జిమ్ బ్రౌనే, కొడుకు కాదు. 2004లో ఇదే ఊళ్ళో, హాల్‌లోకి తీసుకునే వేడుకలో, కొడుకుని పరిచయం చేసింది మాత్రం ఆయనే.

వాల్టర్ పేటన్ దగ్గర మాత్రం నా వాదన కాస్త మెత్తబడింది. 13 సీజన్లలో ఒకే ఒక్క మ్యాచ్ వదిలాడు. 1977లో ఫ్లూతో ఒళ్ళు కాలిపోతుంటే వైకింగ్స్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 275 యార్డులు చేశాడు. మట్టి గుట్ట మీదికి పరిగెత్తి పరిగెత్తి కాళ్ళని అలా తయారుచేసుకున్నాడు. 1993లో ఆయన్ని ఇక్కడ పరిచయం చేసింది పన్నెండేళ్ళ కొడుకు జారెట్. హాల్ చరిత్రలో తండ్రిని పరిచయం చేసిన మొదటి కొడుకు వాడే. అంత గట్టి మనిషి కాలేయ జబ్బుతో 1999 నవంబర్ 1న పోయాడు, బ్యారీ ఫ్యాక్స్ పంపిన కొన్ని నెలలకే. ఆయన రికార్డుని 2002లో ఎమిట్ స్మిత్ దాటి, 18,355 దాకా వెళ్ళాడు. మావాడు ఎమిట్ దగ్గర ఫొటో దిగాడు, నేను కాదనలేదు.

ఇక వెళ్ళేవాళ్ళకి అవసరమైనవి. రోజంతా పెట్టుకోండి, సగం రోజంటే గ్యాలరీ దగ్గర తొందరపడాల్సి వస్తుంది. ఆగస్టు మొదట్లో కొత్తవాళ్ళని హాల్లోకి తీసుకునే వేడుకలు, పక్క స్టేడియంలో మ్యాచ్ ఉంటాయి. ఊరంతా పండగలా ఉంటుంది కానీ విగ్రహాల ముందు నిలబడి ప్రశాంతంగా చూడాలంటే ఆ వారం వద్దు. మేం తిండి ఇంటి నుంచే కట్టుకెళ్ళాం. పెద్దవాళ్ళతో వెళ్తే మెత్తటి బూట్లు వేయించండి, గట్టి నేల మీద చాలా దూరం నడవాలి. మధ్యలో కూర్చోబెట్టండి. టచ్‌స్క్రీన్ల దగ్గర మావయ్య గారు కూర్చున్నంతసేపు ఆయనకి మోకాలి నొప్పి గుర్తే రాలేదు.

డెట్రాయిట్ వైపు ఉండేవాళ్ళు దీనికి జతగా ఫోర్డ్ ఫీల్డ్ బయట ఉన్న బ్యారీ విగ్రహం కూడా చూడండి. 2023 సెప్టెంబర్‌లో పెట్టారు. 2002లో తెరిచిన ఆ స్టేడియంలో అతను లయన్స్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అతను ఆడిన సిల్వర్‌డోమ్‌ని 2017 డిసెంబర్‌లో పేల్చి కూల్చడం మొదలుపెట్టారు, ఇప్పుడది లేదు. ఈ విగ్రహం మాత్రం నిలువెత్తు మనిషి, బంతి పట్టుకుని పరిగెడుతున్నాడు. బయటే ఉంది, టికెట్ అక్కర్లేదు. క్యాంటన్‌లో మొహం చూసి వచ్చాక ఇక్కడ తొడలు, మోకాళ్ళు, పాదం పడ్డ తీరు దగ్గరగా నిలబడి చూడండి.